ఎజెల్ టాలీ పట్టిన బంతి

అలబామాలోని ఫర్నేస్ హిల్ పేటలో ఎజెల్ టాలీ ఎదుట సినిమాల మాట ఎవరూ ఎత్తేవాళ్ళు కాదు. కొత్తగా వచ్చినవాళ్ళు తెలియక ఎత్తితే పక్కనున్నవాళ్ళు బల్ల కింద కాలు తొక్కేవాళ్ళు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరింటి కప్పు కారినా పిలవకముందే నిచ్చెన భుజాన వేసుకుని వచ్చేస్తాడు. చర్చిలో పెళ్ళయినా చావయినా కుర్చీలు మోసేది అతనే. ఆ ఒక్క విషయం దగ్గర మాత్రం ముఖం బిగుసుకుపోతుంది, మాట కరుకవుతుంది, ఎదురుగా ఎవరున్నారన్నది చూడడు. ఆ కోపానికి మూలం అతని కుర్రతనంలో జరిగిన ఒక ఆదివారపు బేస్‌బాల్ ఆట. ఆ ఆటను కోసి అతికించిన ఒక ఫిలిం ముక్క.

అప్పటికి రెండో ప్రపంచయుద్ధం ఇంకా అమెరికా దాకా రాలేదు. ఎజెల్ పైపుల ఫ్యాక్టరీలో అచ్చులకు ఇసుక తవ్వేవాడు. సాయంత్రాలూ ఆదివారాలూ ఫర్నేస్ హిల్ స్టార్స్ జట్టులో షార్ట్‌స్టాప్ ఆడేవాడు. రెండో బేస్‌కీ మూడో బేస్‌కీ మధ్య నిలబడి, బ్యాటు మీంచి దూసుకొచ్చే బంతిని ఆపి, రన్నర్ చేరేలోగా మొదటి బేస్‌కు విసరాల్సిన చోటు అది. కాళ్ళు, కళ్ళు, చెయ్యి మూడూ చురుగ్గా ఉన్నవాణ్ణే అక్కడ నిలబెడతారు. హిల్ మీది మైదానమంటే ఫ్యాక్టరీ పారబోసిన ఇనప చిట్టెం మీద చదును చేసిన నేల. అక్కడ దొర్లే బంతి ఎప్పుడు మోకాలికి తగులుతుందో, ఎప్పుడు గడ్డానికి తగులుతుందో చెప్పలేం. అలాంటి చోట ఆట నేర్చుకున్నవాడికి పచ్చిక మీద ఆడటం పరుపు మీద ఆడినట్టుండేది.

జట్టు యజమాని బాస్కమ్. నల్లవాళ్ళ పేటలో శవపేటికల దుకాణమూ అంత్యక్రియల హాలూ ఆయనవే. అందుకని ఆటగాళ్ళ చొక్కాల మీద ముందు జట్టు పేరు, వెనక ఆయన దుకాణం పేరు ఉండేవి.

"ఏరా, ఇవాళ ఎవర్ని పూడ్చడానికొచ్చార్రా?" అని అడిగేవాళ్ళు ఎదుటి జట్టువాళ్ళు.

"మిమ్మల్నే. కొలతలు తీసుకు రమ్మన్నారు మా బాస్కమ్ గారు," అనేవాడు క్లీఫస్ మింటర్.

క్లీఫస్ మొదటి బేస్ దగ్గర ఆడేవాడు. మనిషి తాటిచెట్టంత పొడుగు, నోరు అంతకంటే పొడుగు. ఎజెల్‌కు చిన్నప్పట్నుంచీ నేస్తం. ఎజెల్ కళ్ళు మూసుకుని విసిరినా బంతి వెళ్ళి క్లీఫస్ గ్లవ్‌లోనే పడుతుందని హిల్ మీద చెప్పుకునేవాళ్ళు.

నగరంలో పెద్ద మైదానం తెల్లవాళ్ళ జట్టుది. వాళ్ళు బయటి ఊళ్ళకు ఆడటానికి వెళ్ళిన ఆదివారాల్లో నల్లజట్లు అక్కడ ఆడుకోవచ్చు. ఆ ఆదివారం స్టార్స్‌కు నాష్‌విల్ నుంచి వచ్చిన జట్టుతో ఆట. జనం చర్చి నుంచి తిన్నగా మైదానానికే వచ్చారు. ఆడవాళ్ళ తలల మీద పూల టోపీలు, చేతుల్లో విసనకర్రలు, ఒళ్ళో వేయించిన చేపల పొట్లాలు. ఆట ఇంకా మొదలవలేదు. గేటు దగ్గర ఒక ట్రక్కు వచ్చి ఆగింది. దాని కప్పు మీద మూడుకాళ్ళ కెమెరా. సినిమా హాళ్ళలో అసలు బొమ్మకు ముందు వేసే న్యూస్‌రీలు తీసేవాళ్ళు.

గడ్డిటోపీ పెట్టుకున్న తెల్లాయన ఒకడు దిగి, బాస్కమ్ చాచిన చెయ్యిని చూడనట్టే మాట్లాడాడు.

"మీవాళ్ళు బంతి లేకుండా ఉత్తుత్తినే ఆడతారటగా. అది కావాలి. కాస్త పల్టీలు, కాస్త కిందపడటాలు. చూసేవాళ్ళు నవ్వాలి."

"చేస్తారండీ, ఎందుకు చెయ్యరు," అన్నాడు బాస్కమ్. "దేశమంతా చూపిస్తారాండీ?"

"దేశమంతా."

బాస్కమ్ కళ్ళు మెరిశాయి. ఆటగాళ్ళ వైపు తిరిగి చప్పట్లు కొట్టాడు. "విన్నారుగా అబ్బాయిలూ. కానివ్వండి."

బంతి లేకుండా బంతి ఉన్నట్టే ఆడి చూపించడం ఆ రోజుల్లో అన్ని జట్లూ ఆటకు ముందు చేసే వేడుకే. చేతులు అంత వాడిగా కదలనివాడికి అది చేతకాదు. దాని మీద ఎజెల్‌కు కోపం లేదు. గడ్డిటోపీవాడు అడిగిన తీరుకు మాత్రం అతనికి ఒళ్ళు మండింది.

"నేను ఆడ్డానికొచ్చాను, దొర్లడానికి రాలేదు," అన్నాడు.

"నీ ఒక్కడి మొండితనానికి జట్టుకొచ్చే పేరు పోవాలట్రా?" అన్నాడు బాస్కమ్.

"ఆట తియ్యమనండి. పేరు దాంతోనే వస్తుంది."

గడ్డిటోపీవాడు విననే విన్నాడు. నవ్వాడు. "తీస్తాంలే కుర్రాడా. అన్నీ తీస్తాం," అన్నాడు.

తీశారు కూడా.

ఆట చివరికొచ్చేసరికి స్టార్స్ ఒక్క పరుగు ముందున్నారు. నాష్‌విల్ వాడొకడు మూడో బేస్ మీద పరుగుకు సిద్ధంగా ఉన్నాడు. ఇంకొక్కణ్ణి అవుట్ చేస్తే గెలుపు. అప్పుడు బ్యాటర్ కొట్టిన బంతి నేలను తాకి, పిచ్చర్ పక్కనుంచి దూసుకుపోయి, రెండో బేస్ వెనక్కి, ఖాళీలోకి వెళ్ళిపోతోంది. అందే బంతి కాదది. నాష్‌విల్ బెంచీ అప్పటికే గంతులేస్తోంది. ఎజెల్ పరిగెత్తి పరిగెత్తి గాల్లోకి దూకాడు. ఎడమచెయ్యి చాచిన కొద్దీ చాచి, నేలకు జానెడెత్తున. బంతి గ్లవ్ కొసవేళ్ళ దగ్గర ఇరుక్కుంది. బోర్లా పడి పొట్ట మీద జారాడు. నోటినిండా మట్టి. లేచి నిలబడే వ్యవధి లేదు. మోకాళ్ళ మీదే గిర్రున తిరిగి, క్లీఫస్ ఉండాల్సిన వైపుకు విసిరేశాడు. క్లీఫస్ ఒక పాదం బేస్‌కు ఆనించి మిగతా ఒళ్ళంతా ముందుకు చాచాడు. బంతి అతని గ్లవ్‌లో ఫటుక్కున పడింది. ఆ వెంటనే, కొట్టి పరిగెత్తుకొచ్చిన బ్యాటర్ కాలు బేస్ మీద పడింది. అంపైర్ అవుటన్నట్టు పిడికిలి బిగించి చెయ్యెత్తాడు.

జనం కంచె దూకి వచ్చేశారు. పాస్టరుగారు టోపీ గాల్లోకి విసిరి, మళ్ళీ దొరక్క, బోడితలతోనే ఇంటికెళ్ళారు. నాష్‌విల్ జట్టు ముసలి మేనేజరు నెమ్మదిగా నడిచొచ్చి, ఎజెల్ ముఖం మీది మట్టిని తన రుమాలుతో తుడిచి వెళ్ళిపోయాడు.

ఎజెల్ పెళ్ళాడబోయే ఒడెస్సా మాత్రం ఆ రోజు అక్కడ లేదు. ఆదివారాలు కూడా ఆమె తెల్లవాళ్ళింట్లో వండి వడ్డించాలి. సాయంత్రం ఆమె హిల్‌కు వచ్చేసరికి ప్రతి వాకిట్లోనూ ఆ బంతి మాటే.

"అందరూ చూశారు, నేను తప్ప," అంది కళ్ళనీళ్ళు పెట్టుకుని.

"చూద్దువుగానిలే. ఫిలిం తీశారుగా," అన్నాడు ఎజెల్. "హాల్లో నా పక్కనే కూర్చుని చూద్దువుగాని."

ఎండలు ముదిరాక ఒక శనివారం మధ్యాహ్నం ఆ న్యూస్‌రీలు నగరానికొచ్చింది. హిల్ మొత్తం ఇస్త్రీ బట్టలు కట్టుకుని కదిలింది. నల్లవాళ్ళు ముందు గుమ్మంలోంచి వెళ్ళకూడదు. పక్కసందులోని ఇనప మెట్లెక్కి, వేడిగాలంతా చేరే పైఅంతస్తులో కూర్చోవాలి. కింద తెల్లవాళ్ళు. ఎజెల్‌కు ఒకవైపు ఒడెస్సా, ఇంకోవైపు క్లీఫస్. ముందు వరసలో బాస్కమ్, ఆయన భార్య.

తెర మీద ఓడలు పోయాయి, ఎవరో పెద్దమనిషి రిబ్బను కత్తిరించాడు, ఈత దుస్తుల్లో ఆడపిల్లలు నవ్వారు. తర్వాత సంగీతం మారింది. కోతులాటకు వాయించినట్టు బూరాలు మొదలయ్యాయి. పెద్ద మైదానం కనబడింది. స్టార్స్ బంతి లేని ఆట ఆడుతున్నారు. వెనకనుంచి ఒక మగగొంతు, నూనె రాసినట్టు నున్నగా, వేళాకోళంగా మాట్లాడుతోంది. బంతి కొనుక్కునే స్తోమత లేదు కాబోలు అంటోంది. కింద కిలకిలలు. పైన జనం ఇబ్బందిగా కదిలారు.

అప్పుడు ఎజెల్ కనబడ్డాడు. పరిగెడుతున్నాడు. దూకాడు. గాల్లో ఉన్నాడు. బోర్లా పడ్డాడు.

అక్కడితో కోసేశారు.

ఆ తర్వాతి బొమ్మలో ఎవరిదో పెరట్లో ఒక కోడి రెక్కలు కొట్టుకుంటూ పరిగెడుతోంది. "అయ్యయ్యో!" అంది ఆ గొంతు. "బంతి ఎటు పోయిందో పాపం మన అన్నకు తెలియలేదు. కోడివేపుడు వాసన మాత్రం తగిలినట్టుంది!" బూరా ఒకటి జర్రున జారింది. నల్లవాళ్ళు కోడివేపుడు కోసం పడిచస్తారన్నది తెల్లవాళ్ళ పాత వెక్కిరింత.

హాలు గొల్లుమంది. కింద కుర్చీలు ఊగిపోయాయి. పైన కూడా కొందరు, ఆ మనిషెవరో తెలిసేలోపే, నవ్వేశారు. ఎజెల్ చెవి పక్కనే ఒక నవ్వు వినబడింది. ఒడెస్సా నవ్వు. చిన్నది. మధ్యలోనే ఆగిపోయింది. ఆమె చెయ్యి నోటికి అడ్డం వెళ్ళింది.

ఎజెల్ లేచి నిలబడ్డాడు.

"పట్టాను!" అని అరిచాడు. "ఆ బంతి నేను పట్టాను! వాడు అవుట్! మిగతాది చూపించండి!"

కిందనుంచి ముఖాలు పైకి తిరిగాయి. "కూర్చోబెట్టండ్రా వాణ్ణి!" అని ఎవరో అరిచారు. క్లీఫస్ అతని కోటు పట్టుకు లాగాడు.

"కూర్చోరా బాబూ. చంపేస్తారు."

"నువ్వు చెప్పరా! బంతి నీ గ్లవ్‌లోనే కదా పడింది? లేచి చెప్పు!"

క్లీఫస్ కింద ఉన్న ఆ ముఖాల వంక చూశాడు. తల దించుకున్నాడు. లేవలేదు.

పోలీసులొచ్చి ఎజెల్‌ను ఇనప మెట్ల మీంచి తోశారు. కింద సందులో అతని ముందుపళ్ళు విరిగాయి. స్టేషన్లో ఇంకొంత జరిగింది. దాని గురించి అతను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. విడిపించింది బాస్కమే. బయటికి తీసుకొచ్చి తన నల్ల కారులో కూర్చోబెట్టుకుని, మెత్తగా మొదలుపెట్టాడు.

"జరిగిందేదో జరిగింది. కానీ ఒక మాట చెప్తాను విను. వచ్చే ఆదివారం ఆటకు తెల్లవాళ్ళు కూడా వస్తామంటున్నారు. ఆ కోడి మనిషి ఉంటాడా అని అడుగుతున్నారు."

"ఎవడు?"

"నువ్వేరా. నువ్వు పడ్డ పడటం మళ్ళీ ఒక్కసారి, ఆటకు ముందు. అంతే. తర్వాత నీ ఇష్టమొచ్చినట్టు ఆడుకో."

ఎజెల్ కారు ఆపమన్నాడు. దిగాడు. ఆ మధ్యాహ్నం ఇస్త్రీ కోటు కింద గర్వంగా తొడుక్కున్న జట్టు చొక్కా ఇంకా ఒంటి మీదే ఉంది, నెత్తురు మరకలతో. నడిరోడ్డు మీద దాన్ని విప్పి కిటికీలోంచి బాస్కమ్ ఒళ్ళోకి విసిరాడు.

"మీ శవాల్లో ఒకదానికి తొడగండి," అన్నాడు. "నేనింకా చావలేదు."

స్టార్స్‌కు అతను మళ్ళీ ఆడలేదు. ఇంకే జట్టూ పిలవలేదు. పిలిచిన ఒకటీ అరా ఆ కోడి వేషం కోసమే పిలిచాయి. ఫ్యాక్టరీలో కూడా మేస్త్రీ ఇసుక పని తీసేసి, బొగ్గును కోక్‌గా కాల్చే, ఎవరూ వెళ్ళని బట్టీల దగ్గరికి పంపాడు. "సినిమాహాల్లో పెద్ద గొంతు నీది. అక్కడ అరుచుకో," అన్నాడు.

ఒడెస్సా అతన్ని వెతుక్కుంటూ బట్టీల గేటు దగ్గరికొచ్చింది.

"నవ్వావు," అన్నాడు ఎజెల్.

"నువ్వని తెలియక నవ్వాను."

"నేను కాకపోతే నవ్వొచ్చా?"

 ఆమె తల అడ్డంగా ఊపింది. "లేదు. ఎవరైనా నవ్వకూడదు. తప్పే. ఇంకెప్పుడూ నవ్వను. కానీ ఎజెల్, ఆ కత్తిరించింది నేను కాదు, ఆ వాగింది నేను కాదు. వాళ్ళ మీద అరవలేక నా మీద అరిస్తే ఊరుకోను."

ఆ మాటకు అతను ఆమెను పెళ్ళి చేసుకున్నాడు. వాళ్ళ కాపురంలో చాలా పోట్లాటలు జరిగాయి కానీ, ఆ షరతు మాత్రం ఎజెల్ తప్పలేదు.

అసలు దెబ్బ తర్వాత తగిలింది. ఆ న్యూస్‌రీలు జనానికి నచ్చిందని ఆ ముక్కను మళ్ళీ మళ్ళీ వేశారు. నవ్వుల ముక్కలన్నీ గుదిగుచ్చి వేసినప్పుడు అందులోనూ పెట్టారు. ఆట రోజున మైదానంలో ఉన్నవాళ్ళు కూడా దాన్ని చూసి చూసి, తాము చూసింది మరిచిపోయారు. మంగలి దుకాణంలో ఒకాయన ఎజెల్ ముందే, "ఆ రోజు నువ్వు బోర్లాపడ్డం నేను కళ్ళారా చూశాగా," అన్నాడు. ఆయన ఆ రోజు కంచె దూకి వచ్చి ఎజెల్‌ను భుజాల మీదికెత్తుకున్న మనిషి.

"గెలిచామా ఓడామా ఆ రోజు?" అని అడిగాడు ఎజెల్.

"ఏమో మరి. ఓడినట్టున్నాం."

ఎజెల్ సగం గీసిన గడ్డంతోనే లేచి వెళ్ళిపోయాడు.

క్లీఫస్ సంగతి ఇంకా ఘోరం. నవ్వించడం అతనికి పుట్టుకతో వచ్చింది. చర్చి విందుల్లో, చేపల వేపుళ్ళ దగ్గర, ఎజెల్ లేనప్పుడు, కోడి కథ చెప్పేవాడు. మొదట్లో చివర "కానీ నిజానికి పట్టాడండోయ్" అనేవాడు. ఆ ముక్క కథను పాడుచేస్తోందని కొన్నాళ్ళకు మానేశాడు. ఇది తెలిసిన రోజున ఎజెల్ అతని ఇంటికి వెళ్ళి, గడప బయటే నిలబడి, "నీకూ నాకూ చెల్లు," అని చెప్పి వచ్చేశాడు. ఒకే చర్చిలో, వేరు వేరు వరసల్లో, ఇద్దరూ ముసలివాళ్ళయ్యారు.

ఎజెల్ దగ్గర ఉన్న సాక్ష్యం ఒకే ఒక్క ఫోటో. పేటలో పెళ్ళిళ్ళకు ఫోటోలు తీసే టారెంట్ ఆ రోజు మొదటి బేస్ పక్కన పెద్ద పెట్టె కెమెరాతో నిలబడ్డాడు. ఎజెల్ అడిగితే వెతికి ఒక ప్రింటు వేసిచ్చాడు. అందులో క్లీఫస్ ఒళ్ళంతా చాచి ఉన్నాడు. అతని గ్లవ్‌లో బంతి తెల్లగా, స్పష్టంగా ఉంది. రన్నర్ పాదం ఇంకా గాల్లోనే ఉంది. వెనక, దూరంగా, దుమ్ములో మోకాళ్ళ మీద ఒక మనిషి మసక. ఎజెల్ దాన్ని అద్దం కట్టించి ముందు గదిలో పెట్టాడు.

"ఈ పొడుగాయన నువ్వేనా?" అని అడిగేవాళ్ళు వచ్చినవాళ్ళు.

"కాదు. ఆ మసక," అనేవాడు.

వాళ్ళు నవ్వు ఆపుకునేవాళ్ళు. ఒడెస్సా వాళ్ళకు కాఫీ ఇచ్చేది కాదు.

యుద్ధం వచ్చింది, పోయింది. తెల్లవాళ్ళ పెద్ద లీగుల్లోకి నల్లవాళ్ళను రానిచ్చే నాటికి ఎజెల్ నడుము బట్టీల దగ్గరే అరిగిపోయింది. పిల్లలు పెరిగారు. సినిమాహాలు పక్కసందులోని ఇనప మెట్లు ఊడబీకేశారు. ఫ్యాక్టరీ మూతపడింది. ఎజెల్ జుట్టు నెరిసింది, కోపం నెరవలేదు.

ముసలితనంలో ఒక వసంతకాలాన చర్చివాళ్ళు పెద్దవాళ్ళందర్నీ బస్సులో ఎక్కించుకుని నగరంలో కొత్తగా తెరిచిన ఆటల మ్యూజియంకు తీసుకెళ్ళారు. నల్లజట్లకు ఒక గది కేటాయించారని పాస్టరమ్మ సంబరంగా చెప్పింది. ఎజెల్ రానన్నాడు. ఒడెస్సా వినలేదు. "ఎవరైనా నీ పేరు పెట్టారేమో చూద్దాం, పద," అంది.

గది బాగుంది. పాత గ్లవ్‌లు, బ్యాట్లు, గోడనిండా ఫోటోలు. ఎజెల్ ముఖం కాస్త తేటపడింది. అంతలో మూలనుంచి ఆ బూరాలు వినబడ్డాయి. వెంటనే ఆ గొంతు. నూనె రాసినట్టు, నున్నగా, ఏమీ ముసలి కాకుండా.

చిన్న టీవీ ఒకటి పెట్టారక్కడ. ఆ ముక్క అయిపోగానే మళ్ళీ మొదలవుతోంది. ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. కోడి వచ్చింది. వాళ్ళు నవ్వారు.

ఎజెల్ నేరుగా నడిచి వెళ్ళి, టీవీ వెనక చెయ్యి పెట్టి, గోడలోంచి తీగ పీకేశాడు. తెర ఆరిపోయింది.

కాపలావాడు పరిగెత్తుకొచ్చాడు. వెనకే ఒక నల్లపిల్ల, మెడలో కళ్ళజోడు వేలాడుతూ. ఆ గదిని సర్దింది ఆమేనట, పేరు యోలాండా ప్యాటన్.

"అయ్యగారూ, దాన్ని ముట్టుకోకూడదండీ," అందామె.

"నన్ను నేను ముట్టుకోకూడదా?" అన్నాడు ఎజెల్. "అందులో పడేది నేనే."

ఆ పిల్ల మెడలోని కళ్ళజోడు పెట్టుకుని అతని ముఖం చూసింది.  "మీరు బతికే ఉన్నారని నాకు తెలియదండీ. తెలుసుకోవాల్సింది. కానీ మనవాళ్ళను ఎలా ఎగతాళి చేశారో జనం చూడాలనే దాన్ని పెట్టాను."

"చూశారుగా. నవ్వుతున్నారు. నాలుగు గోడల మధ్య, మన గదిలో, మన ఖర్చుతో మళ్ళీ నవ్విస్తున్నావు."

"మిగతా ఫిలిం కోసం వెతికానండీ. కత్తిరించిన ముక్కల్ని ఆ న్యూస్‌రీలు కంపెనీవాళ్ళు ఎప్పుడో వెండి కోసం కరిగించేశారు. ఉన్నది ఇదొక్కటే."

"అయితే ఉన్నది అబద్ధం అని ఎందుకు రాయలేదు?"

"అబద్ధమని నాకెలా తెలుస్తుందండీ?"

ఎజెల్ గిర్రున తిరిగాడు. చర్చి జనం వెనక గుంపుగా నిలబడి ఉన్నారు. వాళ్ళందరి కంటే పొడుగ్గా, చేతికర్ర మీద ఒరిగి, క్లీఫస్.

"అడుగు వాణ్ణి," అన్నాడు ఎజెల్. "మింటర్! ఈ పిల్లకు చెప్పు. బంతి ఎవడి గ్లవ్‌లో పడింది?"

 క్లీఫస్ కర్ర మీద ఇంకాస్త ఒరిగాడు.

"ఎజెల్, నిజం చెప్పమంటావా? నాకు... నాకిప్పుడు కోడే కనబడుతుందిరా. ఎంత తలుచుకున్నా అదే వస్తుంది. నేను చెప్పీ చెప్పీ..."

"గోడ మీద చూడరా వెధవా!"

టారెంట్ తీసిన ఫోటో అక్కడే, టీవీ పక్కనే వేలాడుతోంది. ఆయన పిల్లలు మ్యూజియంకు ఇచ్చేసిన ఫోటోల్లో అదీ ఉంది. కింద 'పేరు తెలియని ఆటగాళ్ళు' అని రాసి ఉంది. క్లీఫస్ కర్ర చప్పుడు చేస్తూ వెళ్ళి, కళ్ళజోడు పైకి జరుపుకుని చూశాడు. చాలాసేపు చూశాడు. వేలితో అద్దం మీద ఆ గ్లవ్‌ను తాకాడు.

"ఇది నా చెయ్యే," అన్నాడు. తర్వాత ఎవరి వైపూ తిరక్కుండా, గోడతో అన్నాడు: "విసిరింది ఎజెల్. మోకాళ్ళ మీంచి. నేను పట్టాను. వాడు అవుట్. ఆ రోజు హాల్లో లేచి చెప్పాల్సింది."

"అవును. చెప్పాల్సింది," అన్నాడు ఎజెల్. గొంతు తగ్గలేదు.

ఆ పిల్ల మంచిదే. ఆ ఫోటో, ఆ ఫిలిం అడుగు దూరంలోనే ఉన్నా రెండూ ఒకే ఆటవని తనకు తట్టలేదని అక్కడే అందరి ముందూ ఒప్పుకుంది. ఆ ముక్కను తీసేస్తానంది.

"తియ్యొద్దు," అన్నాడు ఎజెల్. "ఆ గొంతు తియ్యి. నా గొంతు పెట్టు."

కొన్నాళ్ళకు అతన్ని పిలిపించి మైకు ముందు కూర్చోబెట్టారు. బొమ్మ నడుస్తుంటే మాట్లాడమన్నారు. బంతి లేని ఆట వస్తున్నంతసేపూ ఎజెల్ ఒక్కొక్కరి పేరూ చెప్పాడు, ఎవరు ఏ చోట ఆడేవాళ్ళో, ఎవరి చెయ్యి ఎలాంటిదో. తాను గాల్లోకి లేచినప్పుడు "ఆపు!" అన్నాడు. బొమ్మ ఆగింది. "ఇక్కణ్ణుంచి తెర నల్లగా ఉంచండి. మీ దగ్గర లేనిది నా దగ్గరుంది," అన్నాడు. ఆ నల్లతెర మీద మిగతా ఆట చెప్పాడు. మట్టి రుచి దగ్గర్నుంచి అంపైర్ పిడికిలి దాకా. చివర ఆ న్యూస్‌రీలు వాళ్ళను ఒక మాట అన్నాడు.

ఆ మాట దగ్గర పేచీ వచ్చింది. మ్యూజియం పెద్దలు విని, మిగతా అంతా అద్భుతంగా ఉందనీ, ఆ ఒక్క బూతూ తీసేద్దామనీ కబురు పెట్టారు. స్కూలు పిల్లలొస్తారు కదా అన్నారు.

"ఒకసారి కోయించుకున్నాను," అన్నాడు ఎజెల్ ఫోన్లో. "మళ్ళీ కత్తెర పట్టుకుంటే మొత్తం తీసుకుపోతాను."

యోలాండా అతని పక్షాన నిలబడి పోట్లాడింది. ఆ మాట ఉండిపోయింది. ఫోటో కింద పేర్లు కూడా రాశారు. మసకగా ఉన్న మనిషి పేరు ముందు రాశారు.

కొత్తగా సర్దిన గది తెరిచిన రోజున ఎజెల్, ఒడెస్సా వెళ్ళారు. క్లీఫస్ కూడా వచ్చాడు. ఎజెల్ అతని పక్కన కూర్చోలేదు కానీ, క్లీఫస్ కుర్చీ లేక నిలబడ్డప్పుడు తన వరసలో ఖాళీ ఉందని గడ్డంతో చూపించాడు. క్లీఫస్ వచ్చి చివర కూర్చున్నాడు. 

జనం పల్చబడుతుండగా ఎజెల్ కంటే కాస్త చిన్నవాడైన ముసలి తెల్లాయన ఒకడు దగ్గరికొచ్చాడు. మంచి సూటు, చేతిలో టోపీ. కళ్ళు తడిగా ఉన్నాయి.

"టాలీ గారూ, నేను ఆ బొమ్మ నగరంలోనే చూశాను, చిన్నప్పుడు. కింద కూర్చుని. పడీ పడీ నవ్వాం మేమంతా. పైనుంచి ఎవరో అరవడం కూడా గుర్తుంది. ఈ మాట మీకు చెప్పకపోతే నాకు మనశ్శాంతి ఉండదనిపించింది."

చెప్పేసి, చెయ్యి చాచి నిలబడ్డాడు. ఎజెల్ ఆ చెయ్యి వంక చూశాడు.

"మనశ్శాంతి కోసమా వచ్చావు?" అన్నాడు. "అది నా దగ్గర లేదు. నాకే దొరకలేదు. ఇప్పుడు మొత్తం విన్నావా?"

"సగంలో వచ్చానండీ. జనం ఎక్కువగా ఉండి..."

"సగం నీకు ఎప్పుడో తెలుసు. కూర్చో. మొదట్నుంచీ విను."

తెల్లాయన చెయ్యి దించుకుని, టీవీ ముందున్న బల్ల మీద కూర్చున్నాడు. బొమ్మ మళ్ళీ మొదలైంది. ఎజెల్ అతని వెనకే చేతులు కట్టుకుని నిలబడ్డాడు. ఒడెస్సా సంచీ భుజాన తగిలించుకుని వచ్చి, "పదవయ్యా, బస్సు వెళ్ళిపోతుంది," అంది.

"వెళ్తే వెళ్ళనీ," అన్నాడు ఎజెల్. "ఈయన ఇంకా అంపైర్ దాకా రాలేదు."